ఎర్ర కోటు ఎవరిది?

మొన్న ఉగాది కార్యక్రమంలో భోజనాల దగ్గర ఒకాయన తన బాధ చెప్పుకొచ్చారు. "మా వాడికి పద్నాలుగేళ్ళండీ. శనివారం వస్తే చాలు, చేతిలో సన్నటి బ్రష్షు, ముందు బొటనవేలంత కూడా లేని సైనికుల బొమ్మలు. కళ్ళు పోగొట్టుకుంటున్నాడు. పాకెట్ మనీ అంతా ఆ సీసం ముక్కలకే. మ్యాథ్స్ ట్యూషన్‌కి వెళ్ళమంటే మాత్రం తలనొప్పి." పక్కనున్న ఇద్దరు ముగ్గురు అయ్యో పాపం అన్నట్టు తలలూపారు. వాళ్ళతోపాటు నేనూ ఊపాను. ఊపాక సిగ్గేసింది. మా ఇంట్లో డైనింగ్ టేబుల్ మీద సగభాగం రెండేళ్ళుగా అలాంటి పటాలం ఆక్రమణలోనే ఉంది. దాన్ని అక్కడి నుంచి తీయించాలన్న ఆలోచన నాకిప్పుడు లేదు. ఎందుకు లేదో ఆయనకు అక్కడే చెప్పి ఉండాల్సింది. పులిహోర ప్లేటు చేతిలో పట్టుకుని చెప్పేంత చిన్న విషయం కాదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

తెలియనివారి కోసం ముందు రెండు ముక్కలు. దీన్ని ఇక్కడ వార్‌గేమింగ్ అంటారు. చరిత్రలో జరిగిన ఒక యుద్ధాన్ని తీసుకుని, దాని నేలను టేబుల్ మీద తయారుచేసి, చిన్న చిన్న లోహపు సైనికులను రెండు పక్షాలుగా నిలబెట్టి ఆడే ఆట. చదరంగానికి దూరపు చుట్టమే, కాకపోతే ఇందులో గళ్ళుండవు. ఎంత దూరం నడవాలో టేపుతో కొలుస్తారు, తూటా తగిలిందో లేదో పాచికలు వేసి తేలుస్తారు. బొమ్మలు రకరకాల సైజుల్లో వస్తాయి. ఎక్కువమంది వాడేది 28 మిల్లీమీటర్లది, అంటే అంగుళం కంటే కాస్త ఎక్కువ. 15 మిల్లీమీటర్లవీ, బియ్యపుగింజను తలపించే 6 మిల్లీమీటర్లవీ ఉన్నాయి. గుండ్రంగా తిరిగే రబ్బరు అచ్చులోకి కరిగిన లోహం పోస్తారు. ఆ వేగానికి లోహం తుపాకీ మొన దాకా పాకుతుంది. కొనుక్కొచ్చాక అచ్చు వదిలిన గీతలను ఆకురాయితో రాయాలి, ప్రైమర్ కొట్టాలి, మీద ఒక్కో రంగూ వేయాలి. మడతల్లోకి పల్చటి ముదురు రంగు జారవిడవాలి, పైఅంచులకు లేత రంగు అద్దాలి, చివరగా వార్నిష్. ఒక్క బొమ్మకు గంట పట్టొచ్చు. పటాలం అంటే కనీసం ఇరవై, ఇరవై నాలుగు బొమ్మలు. అవన్నీ ఒకే రకం కోటు, ఒకే రకం బెల్టు. ఓపిక అనే మాటకు అర్థం మా ఇంట్లో ఎవరికైనా తెలిసిందంటే అది మా అబ్బాయికే, అదీ ఈ బెల్టుల పుణ్యాన.

మనం కాపురం పెట్టిన ఈ దేశం ఆ వ్యాపకానికి దాదాపు పుట్టిల్లు. 1893లో విలియం బ్రిటన్ అనే లండన్ కంపెనీ లోపల బోలుగా ఉండే సీసపు సైనికులను పోతపోయడం మొదలుపెట్టింది. సీసం తక్కువ పట్టడంతో ధర తగ్గి, మామూలు ఇళ్ళ పిల్లల చేతికీ అవి వచ్చాయి. 1913లో హెచ్.జి. వెల్స్, ఆ సైన్స్ నవలల వెల్సే, ఈ బొమ్మలతో ఆడుకోవడానికి నియమాలు రాసి 'లిటిల్ వార్స్' అని పుస్తకంగా వేశాడు. యుద్ధం చేయాలనే దుగ్ధ ఉన్న రాజులూ సేనాపతులూ ఇలా నేలమీద బోర్లా పడుకుని బొమ్మలతో తీర్చుకుంటే లోకం బాగుపడుతుందన్నది ఆయన వాదం. ఏడాది తిరక్కుండానే అసలు యుద్ధం వచ్చిపడింది. 1962లో డొనాల్డ్ ఫెదర్‌స్టోన్ రాసిన 'వార్ గేమ్స్' ఈ ఆటను పెద్దవాళ్ళ వ్యాపకంగా స్థిరపరిచింది. ఆయన సౌతాంప్టన్‌లో ఫిజియోథెరపిస్టు. ఇప్పుడు నాటింగ్‌హామ్ చుట్టుపక్కల ఈ బొమ్మలు చేసే కంపెనీలు ఎన్ని పెరిగాయంటే, ఆ ప్రాంతాన్ని సరదాగా 'లెడ్ బెల్ట్' అంటారు. మన పిల్లల్లో చాలామందికి తెలిసిన గేమ్స్ వర్క్‌షాప్ ప్రధాన కార్యాలయమూ అక్కడే. 1975లో ముగ్గురు స్నేహితులు మొదలుపెట్టిన ఆ సంస్థ 2024 డిసెంబరులో లండన్ స్టాక్ ఎక్స్‌ఛేంజ్‌లోని వంద అతిపెద్ద కంపెనీల జాబితాలో చేరింది. బొమ్మలతో ఏం ఒరుగుతుందని అడిగేవారికి ఈ ఒక్క ముక్క చాలనుకుంటాను. అయితే నేను చెప్పదలుచుకున్నది డబ్బు సంగతి కాదు.

మా వాడు కూడా అందరిలాగే ఆ కంపెనీవారి రాక్షసులతోనే మొదలుపెట్టాడు. తర్వాత మా ఊరి కమ్యూనిటీ హాల్లో ఆదివారాలు నడిచే ఒక క్లబ్బుకు వెళ్ళి చరిత్ర వైపు తిరిగాడు. అక్కడి సభ్యుల సగటు వయసు అరవై దాటి ఉంటుంది. రిటైరైన టీచర్లు, ఒక పోస్ట్‌మన్, ఒక ప్లంబర్. తాతయ్యలు ఐదువేల మైళ్ళ అవతల ఉండిపోయిన పిల్లాడికి వారానికి ముగ్గురు నలుగురు తాతలు దొరికారు. వాళ్ళు వాడి చేత టీ పెట్టిస్తారు, బ్రష్షు కడగడం రాకపోతే చీవాట్లు పెడతారు, వాటర్‌లూలో ఏ గుట్ట వెనక ఎవరున్నారో గంటసేపు చెబుతారు. ఇదొక్కటే లాభమైనా నేను ఊరుకునేవాణ్ణి.

నిరుడు ఆ పెద్దాయనల్లో ఒకరు వాడికి పాత బిస్కెట్ డబ్బా ఒకటి ఇచ్చారు. లోపల పాత న్యూస్‌పేపర్లో చుట్టిన ఇరవై బొమ్మలు. రంగు పెచ్చులూడిన ఎర్ర కోట్లు, మోకాళ్ళ పైకి నిలిచిన పొట్టి లాగులు, తలపాగాలు, భుజాన తుపాకులు. ఈస్టిండియా కంపెనీ సిపాయిలు. పాత రంగు కడిగేసి మళ్ళీ వేసుకోమన్నారు. మా వాడు ఆ పనిలో కూర్చున్నాడు. రంగుల సెట్లో 'ఫ్లెష్' అని రాసి ఉన్న సీసా తెరిచాడు. లేత గులాబి. సిపాయి మొహానికి అది పనికిరాదు కదా. నాలుగు సీసాలు కలిపి, చుక్క చుక్క తన ముంజేతి మీదే వేసి చూసుకుంటూ, కలిసిపోయేదాకా తిప్పలు పడ్డాడు. కలిశాక తలెత్తి నన్నడిగాడు: "నాన్నా, ఈ బ్యాటిల్స్‌లో మనం ఎవరం?"

నేను తడుముకోకుండా "మనం ఇండియన్స్" అన్నాను. "ఇండియన్స్ రెండు వైపులా ఉన్నారు" అన్నాడు వాడు. ఆ తర్వాత నా దగ్గర జవాబు లేదు.

జవాబు వెతుక్కుంటూ పోతే మొదట తగిలింది ఒక మాట. పద్దెనిమిదో శతాబ్దంలో బెంగాల్లో, ఉత్తరాదిన, యూరోపియన్ పద్ధతిలో కవాతు నేర్చి కంపెనీ కోటు తొడిగిన సిపాయిని 'తెలింగా' అనేవారు. 1886లో అచ్చయిన 'హాబ్సన్-జాబ్సన్' నిఘంటువులో ఆ మాట ఉంది. కారణం తేలికే. 1756 చివర క్లైవ్ కలకత్తాను తిరిగి పట్టుకోవడానికి మద్రాసు నుంచి ఓడల్లో సిపాయిలను తీసుకెళ్ళాడు. ఆ వైపు జనం చూసిన మొదటి కవాతు సిపాయిలు దక్షిణాదివాళ్ళు, వాళ్ళ లెక్కలో తెలుగు దేశంవాళ్ళు. ఆ పేరు తర్వాత సిపాయిలందరికీ అంటుకుపోయింది. అవధ్ కుర్రాడైనా, బిహార్ రైతుబిడ్డైనా, ఎర్ర కోటు తొడిగితే తెలింగాయే. అంటే మన జాతి పేరు కొన్ని దశాబ్దాలపాటు ఒక ఉద్యోగం పేరుగా బతికింది. తెలుగు ప్రాచీనత గురించి వేదికల మీద ఎన్ని ఉపన్యాసాలు విన్నానో లెక్కలేదు. ఈ మాట మాత్రం ఒక్కరి నోటా వినలేదు.

1757 జనవరిలో క్లైవ్ కలకత్తాలో కొత్త పటాలం కట్టి, ఐరోపా సైనికుల్లాగే వాళ్ళకూ ఎర్ర కోట్లు తొడిగాడు. దాని పేరే లాల్ పల్టన్. ఆ కోటు రంగు మరుసటి ఏడాది మన నేలమీదే ఒక యుద్ధాన్ని తేల్చేసింది. అది చందుర్తి యుద్ధం. పోటీ పరీక్షలకు చదివినవాళ్ళకు ఇది ఒక మార్కు బిట్టుగా గుర్తుండొచ్చు: 1758, ఇంగ్లిషువారు, ఫ్రెంచివారు, ఫోర్డ్, కాన్‌ఫ్లాన్స్. నాకూ అంతే తెలుసు. మావాడి బొమ్మల కోసం చదివాకే అసలు కథ తెలిసింది.

అప్పటికి ఉత్తర సర్కారులు, అంటే శ్రీకాకుళం నుంచి కృష్ణ దాకా తీరప్రాంతం, ఫ్రెంచివారి చేతిలో ఉంది. విజయనగరం రాజు ఆనందరాజుకు వాళ్ళంటే గిట్టదు. రమ్మని ఇంగ్లిషువారికి కబురుపెట్టాడు. కర్నల్ ఫోర్డ్ బెంగాల్ నుంచి సుమారు 500 మంది ఐరోపా సైనికులను, 2,000 మంది సిపాయిలను ఓడల్లో విశాఖకు తీసుకొచ్చాడు. ఎదురుగా కాన్‌ఫ్లాన్స్ దగ్గర మరో 500 మంది ఐరోపావారు, దాదాపు 6,000 మంది సిపాయిలు. 1758 డిసెంబరులో పిఠాపురానికి దగ్గరలోని చందుర్తి దగ్గర రెండు సేనలూ తలపడ్డాయి. ఫోర్డ్ మధ్యలో తెల్లవాళ్ళను, రెండు పక్కలా సిపాయిలను నిలబెట్టాడు. మధ్య భాగానికి ముందు ఎత్తుగా పెరిగిన చేనొకటి ఉంది. పాత ఇంగ్లిషు చరిత్రల్లో 'ఇండియన్ కార్న్' అని రాశారు. ఆ రోజుల్లో ఆ నేలలో, ఆ నెలలో అది జొన్నచేనై ఉంటుందని నా ఊహ. మధ్యలో ఉన్న తెల్ల పటాలాన్ని ఆ చేను పూర్తిగా కప్పేసింది.

ఫ్రెంచివారు అంతవరకు చూసింది మద్రాసు సిపాయిలను. వాళ్ళది ఎక్కువగా దేశవాళీ దుస్తు. ఎర్ర కోటు కనబడితే అది ఇంగ్లిషువాడే అని వాళ్ళ లెక్క. పక్కన నిలబడ్డ బెంగాల్ సిపాయిల ఎర్ర కోట్లు చూసి, ఇంగ్లిషు పటాలం అదేననుకుని, తమ అసలు బలాన్నంతా దాని మీదికి తోశారు. సిపాయిలు తట్టుకోలేక విరిగిపోయారు. గెలిచేశామనుకుని ఫ్రెంచివారు వరసలు చెదిరి వెంటపడ్డారు. అప్పుడు చేను వెనక నుంచి నిజమైన ఇంగ్లిషు పటాలం బయటికొచ్చి వాళ్ళ పక్కటెముకల్లోకి కాల్చింది. అంతే, యుద్ధం అక్కడితో తిరిగిపోయింది. నాలుగు నెలల తర్వాత, 1759 ఏప్రిల్ 7 అర్ధరాత్రి, ఫోర్డ్ మచిలీపట్నం కోట మీద పడి పట్టుకున్నాడు. ఉత్తర సర్కారుల్లో ఫ్రెంచివారి పని ముగిసింది. ఆ తర్వాత దాదాపు రెండు శతాబ్దాలు మన తీరాన్ని ఎవరు ఏలారో చెప్పక్కర్లేదు.

ఇంట్లో కూర్చుని బొమ్మ కోటుకు ఎర్ర రంగు వేస్తున్న కుర్రాడికి ఈ కథ చెబితే ఏమవుతుందో ఊహించండి. వాడు బ్రష్షు కింద పెట్టేశాడు. "అంటే కలర్ వల్లే ఓడిపోయారా?" అన్నాడు. స్కూల్లో ట్యూడర్ రాజులు, రెండు ప్రపంచ యుద్ధాలు చదువుతున్న పిల్లాడికి పిఠాపురం అనే ఊరు ఆ రోజు ప్రపంచ చరిత్రలోకి వచ్చింది. అది వాళ్ళ నానమ్మ వాళ్ళ ఊరికి గంట ప్రయాణం. వచ్చే ఆదివారం ఆ డబ్బా ఇచ్చిన పెద్దాయనకు తెలింగా కథ వీడే చెప్పాడు. ముప్ఫై ఏళ్ళుగా సిపాయిల బొమ్మలకు రంగులేస్తున్న ఆయన అది కొత్త విషయమని నోట్‌బుక్‌లో రాసుకున్నారు.

'మనం ఎవరం' అన్న ప్రశ్నకు చందుర్తి ఇచ్చే జవాబు మాత్రం అంత హాయిగా ఉండదు. ఫోర్డ్ పక్కన విజయనగరం రాజుగారి దండు ఉంది. కాన్‌ఫ్లాన్స్ వెనకాల నడిచిన సిపాయిల్లోనూ ఈ గడ్డ మీదివాళ్ళు ఉండే ఉంటారు. తెలింగా అన్న పేరు మోసిన ఎర్ర కోట్లు బెంగాల్ నుంచి వచ్చి మన పొలాల్లో కాల్చాయి. వాళ్ళలో చాలామందికి తెలుగు ఒక్క ముక్క వచ్చి ఉండదు. ఇక్కడ మనం ఒక పక్షం కాదు. తెలుగు సంఘాల సావనీర్లలో మన చరిత్ర ఎప్పుడూ ఒకే వరసలో ఉంటుంది: శాతవాహనులు, కాకతీయులు, కృష్ణదేవరాయలు, అల్లూరి. అన్నీ మనం గర్వపడేవే. మధ్యలో కూలికి తుపాకీ పట్టినవాడు, ఇద్దరు దొరల మధ్య ఏ దొర మేలో లెక్కలేసుకున్న జమీందారు, చేను తొక్కించుకున్న రైతు, ఆ వరసలో కనబడరు. బొమ్మల టేబుల్ మీద అలా కుదరదు. రెండు పక్షాలనూ ఎవరో ఒకరు పెయింట్ చేయాలి, రెండు పక్షాలనూ ఎవరో ఒకరు ఆడాలి.

ఆట నియమాల పుస్తకాల్లో ఇంకో తిరకాసు ఉంది. ప్రతి దళానికీ ధైర్యానికి ఇంత, గురికి ఇంత అని అంకెలుంటాయి. రాజుల, జమీందారుల దండులకు సాధారణంగా అట్టడుగు మార్కులు. చందుర్తి ఆటకు సిద్ధమవుతూ మా వాడు ఆనందరాజు సేనకు ఎన్నివ్వాలో చూశాడు. రాబర్ట్ ఓర్మ్ లాంటి కంపెనీకాలపు చరిత్రకారులు ఆ సేనను చాలా చులకనగా రాశారు. కొద్దిమందికి పనికిరాని తుపాకులు, మిగతావాళ్ళకు బల్లేలు, విల్లంబులు అని. ఈ యుద్ధానికి మనకు దొరికే వివరమంతా దాదాపు ఒక్క పక్షం కలం నుంచి వచ్చిందే. వాళ్ళు పిరికివాళ్ళా, లేక ఫిరంగుల ముందు బల్లెం పట్టుకుని నిలబడటంలో అర్థం లేదని తెలిసినవాళ్ళా? క్లబ్బులో దీని మీద అరగంట వాదన జరిగింది. చివరికి మార్కులు తక్కువే ఇచ్చారుగానీ, ప్రమాదం ముంచుకొస్తే వాళ్ళు చెదరకుండా వెనక్కి తగ్గొచ్చని ఒక నియమం కొత్తగా చేర్చారు. పదమూడేళ్ళ పిల్లాడు ఒక చరిత్రకారుడి మాటను పట్టుకుని 'ఇది ఎవరు రాశారు, ఎందుకలా రాశారు' అని అడగడం ఏ ట్యూషన్‌లో నేర్పుతారో నాకు తెలీదు. తెలిస్తే ఫీజు కడతాను.

నా స్నేహితుడొకడు ఈ విషయంలో నాతో గట్టిగా విభేదిస్తాడు. "మనల్ని ఏలినవాళ్ళ సైన్యానికి మన పిల్లాడు రంగులేయడమేంట్రా? పైగా యుద్ధాన్ని ఆటగా చూపిస్తే రేపు వాడికి యుద్ధమంటే లెక్క ఉంటుందా?" అంటాడు. మొదటి ప్రశ్నకు నా జవాబు పైన చెప్పేశాను: ఆ సైన్యంలో సగానికి పైగా మొహాలు మనవే, వాటికి గులాబి రంగు వేయకుండా ఉండటానికైనా మనవాడు అక్కడ ఉండాలి. రెండో ప్రశ్నను మాత్రం తీసిపారేయలేను. వెల్స్ కూడా ఆ ప్రశ్నకు నిలబడలేకపోయాడు. బొమ్మల యుద్ధమే మేలన్న ఆ మనిషే 1914లో, ఈ ఒక్క యుద్ధంతో యుద్ధాలన్నీ ఆగిపోతాయంటూ నిజం యుద్ధాన్ని సమర్థిస్తూ పుస్తకం రాశాడు. టేబుల్ మీద పడిపోయిన బొమ్మ మళ్ళీ లేస్తుంది. దానికి అమ్మ ఉండదు. ఈ తేడాను పిల్లలకు ఎవరు చెబుతారు? పెద్దవాళ్ళు పక్కన కూర్చోకపోతే ఎవరూ చెప్పరు.

నాకు ఇది తెలిసింది బొబ్బిలి దగ్గర. చందుర్తి కథ రుచి మరిగాక, మరి మనకు అన్నిటికంటే పేరున్న యుద్ధం అదే కదా అని నేనే ఉత్సాహపడ్డాను. 1757 జనవరి 24. బుస్సీ ఫిరంగులు, విజయనగరం విజయరామరాజు, కోటలో రంగారావు, ఆ తర్వాత గుడారంలోకి చొరబడి విజయరామరాజును చంపిన తాండ్ర పాపారాయుడు. ఆ చావు తర్వాత గద్దెనెక్కినవాడే మన చందుర్తి ఆనందరాజు. బుర్రకథల్లో విన్నాం, 1964లో ఎన్టీఆర్ సినిమా, 1986లో కృష్ణంరాజు సినిమా చూశాం. థర్మోకోల్‌తో కోట కడదామన్నాను, కొలతలు కూడా వేశాను. మా వాడు రెండు రోజులు దాని గురించి చదివాడు. కోట నిలవదని తేలాక లోపలి మగవాళ్ళు తమ ఆడవాళ్ళను, పిల్లలను తామే చంపుకుని, ఇళ్ళకు నిప్పుపెట్టి, ఆపైన చావడానికే బయటికొచ్చారన్న దగ్గర ఆగిపోయాడు. మేడ దిగి వచ్చి, "ఇది గేమ్ కాదు నాన్నా" అన్నాడు. కోట కట్టలేదు. నేను చిన్నప్పుడు ఆ కథను ఎన్నిసార్లు విని ఉంటాను! ప్రతిసారీ పౌరుషమే వినబడింది. లోపలి పిల్లలు ఎప్పుడూ కనబడలేదు.

అందుకే నా అభిప్రాయం ఇది: చందుర్తిని టేబుల్ మీదికి తెద్దాం, బొబ్బిలిని వదిలేద్దాం. మైదానంలో రెండు సేనలు ఎదురుపడ్డ చోట ఆటకు నేర్పేదేదో ఉంది. ఊళ్ళో జనాన్ని, ఇళ్ళలో వాళ్ళను బలితీసుకున్న చోట పాచికలు వేయకూడదు. ఈ గీత ఎక్కడ గీయాలన్నది ఇంటింటికీ వేరుగా ఉండొచ్చు. గీత ఉండాలన్న విషయంలో మాత్రం నాకు సందేహం లేదు.

ఇప్పుడు ఖర్చు సంగతి, ఎందుకంటే ఉగాదినాడు ఆ పెద్దమనిషి అడిగిందీ అదే. 28 మిల్లీమీటర్ల లోహపు బొమ్మ ఒక్కోటి రెండు పౌండ్ల పైమాటే. చందుర్తిని పాతికమందికి ఒక బొమ్మ చొప్పున వేసుకుంటే ఫోర్డ్ వైపు వంద, కాన్‌ఫ్లాన్స్ వైపు 260, రాజుగారి వాళ్ళు అదనం. వెయ్యి పౌండ్ల దాకా తేలుతుంది. మా ఆవిడ ఆ లెక్క చూసి నవ్వింది, మంచి నవ్వు కాదు. కాబట్టి చిన్న సైజు బొమ్మలు తీసుకోవాలి, లేదా యాభైమందికి ఒకటి చాలనుకోవాలి, లేదా నాలుగు ఇళ్ళు కలిసి పంచుకోవాలి. పాత బొమ్మలు చవగ్గా దొరుకుతాయిగానీ ఒక జాగ్రత్త: ఇప్పటి బొమ్మలు ఎక్కువగా తగరపు మిశ్రమంతో చేసినవి, పాతవాటిలో నిజంగానే సీసం ఉంటుంది. వాటిని ఆకురాయితో రాసేటప్పుడు దుమ్ము పీల్చకూడదు, పని అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కోవాలి, అన్నం తినే టేబుల్ మీద ఆ పని చేయకూడదు, నోట్లో పెట్టుకునే వయసు పిల్లల దరిదాపుల్లో ఉంచకూడదు. బ్రష్షు మొన కోసం పెదాలతో తడిపే పాడలవాటు కూడా మాన్పించాలి. మా డైనింగ్ టేబుల్ ఆక్రమణలో రాయడం, కడగడం గరాజ్‌కి మారింది ఈ కారణంగానే.

ఊరికే చూసి రావాలన్నా దారులున్నాయి. లండన్ చెల్సీలోని నేషనల్ ఆర్మీ మ్యూజియంలో విలియం సైబోర్న్ చేసిన వాటర్‌లూ నమూనా ఉంది. 1838లో జనానికి చూపించిన ఆ నమూనాలో 70,000కు పైగా చిన్న సైనికులున్నారు. ఆయన చేసిన మరో నమూనా లీడ్స్ రాయల్ ఆర్మరీస్‌లో ఉంది. ఏటా వసంతకాలంలో లండన్ ఎక్సెల్‌లో సౌత్ లండన్ వార్లార్డ్స్ క్లబ్బు 'సెల్యూట్' అనే పెద్ద ప్రదర్శన పెడుతుంది. ఒక రోజంతా తిరిగినా హాలు పూర్తికాదు.

మన తెలుగు సంఘాలవారికి ఒక మనవి కూడా ఉంది. సంక్రాంతికి బొమ్మల కొలువు పెడతారు. కొండపల్లి అంబారీ ఏనుగు, పెళ్ళి పల్లకి, ఏటికొప్పాక బొమ్మలు. మన పిల్లలు ఫోటో దిగి పక్కకు వెళ్ళిపోతారు, ఎందుకంటే చేయి వేస్తే కసురుకుంటాం. ఆ కొలువు పక్కనే ఇంకో టేబుల్ వేయండి. పిల్లలు తాము రంగులేసిన బొమ్మలు తెచ్చి పెట్టుకోనివ్వండి, రాక్షసులైనా సరే, సిపాయిలైనా సరే. కొండపల్లి బొమ్మకు తెల్ల పొణికి చెక్క ఎందుకు వాడతారో తెలిసిన పెద్దవాళ్ళు మనలో ఇంకా ఉన్నారు. తగరపు బొమ్మకు ప్రైమర్ ఎందుకు కొడతారో తెలిసిన పిల్లలూ ఉన్నారు. ఒకరి పని ఒకరికి చూపించుకోవడానికి కావలసినన్ని మాటలు దొరుకుతాయి. ఇంగ్లిషులో మొదలై తెలుగులోకి జారినా, అటునుంచి ఇటు వచ్చినా నష్టం లేదు.

మా చందుర్తి ఇంకా పూర్తికాలేదు. వచ్చే నెల క్లబ్బులో ఆడతామని మాటిచ్చాడు. ఎర్ర కోట్లు అయిపోయాయి, రాజుగారి బల్లేల వాళ్ళు ముప్ఫైమంది మిగిలారు. జొన్నచేను ఒక్కటే చిక్కు తెచ్చిపెట్టింది. దుకాణాల్లో గోధుమచేలు, ద్రాక్షతోటలు దొరుకుతున్నాయి, తెల్ల పటాలాన్ని దాచేంత ఎత్తు చేను దొరకడం లేదు. ఈ పనికి కొబ్బరిపీచు డోర్‌మ్యాట్‌ను మించింది లేదని క్లబ్బు పెద్దాయన చెప్పారట. నిన్న సాయంత్రం నుంచి మా ఇంటి గుమ్మం ముందున్నది కనబడటం లేదు. మా ఆవిడ నన్నడుగుతోంది.